నోరు విప్పని లబ్ధిదారు

ఎవరి వంట వాళ్లే వండుకోవాలి, ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కోవాలి, ఎవరి కంప్యూటర్ వాళ్లే బిగించుకోవాలి అని ఒక శుభోదయాన ప్రభుత్వం వారికి తోచింది. మొదటి రెండూ జనం ఎలాగూ చేసుకుంటూనే ఉన్నారు కాబట్టి మూడోదానికి పథకం పెట్టారు. పేరు ‘స్వయంకూర్పు గృహ కంప్యూటర్ పథకం’. దానికో శాఖ, శాఖకో జీపు, జీపు మీద స్క్రూడ్రైవర్ పట్టుకున్న పిడికిలి బొమ్మ. రావులపేటలో సభ పెట్టి, నూటపన్నెండు ఇళ్లకు విడిభాగాల అట్టపెట్టెలు పంచారు. వచ్చిన పెద్దమనిషి వేదిక మీద స్క్రూడ్రైవర్ ఎత్తి చూపిస్తే జనం చప్పట్లు కొట్టారు.

ఆ నూటపన్నెండు మందిలో నిజంగా కూర్చుని బిగించింది చెల్లుబోయిన భ్రమరాంబ ఒక్కతే. మిగతావాళ్లు స్క్రూడ్రైవర్ వాడుకుంటున్నారు.

భ్రమరాంబకు తప్పనిసరి అవసరం ఉంది. ఇరవై రెండేళ్లు ఊళ్లోని ప్రెస్సులో డీటీపీ పని చేసింది. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు ఎన్ని చేసినా ఆమెకు పేరు తెచ్చింది మాత్రం ఓగేటి నరహరి సిద్ధాంతిగారి పంచాంగం. అందులో ఒక్క ఘడియ తేడాగా పడితే జిల్లా అంతా దశమినాడు ఏకాదశి ఉపవాసం ఉంటుంది. ఆమె చేతిలో ఏనాడూ పడలేదు. మొన్న దసరాకు ప్రెస్సు యజమాని ప్రెస్సు మూసేసి ఫంక్షన్ హాలు కట్టాడు. ‘ప్లేట్లు లెక్కపెట్టే ఉద్యోగం ఉందమ్మా, వస్తావా?’ అని అడిగాడు కూడా.

సిద్ధాంతిగారు మాత్రం రాతప్రతి తెచ్చి ఆమె చేతుల్లోనే పెట్టారు. “ఇంట్లో కూర్చుని చెయ్యి తల్లీ. మాఘ అమావాస్య మధ్యాహ్నానికి బెజవాడ ప్రెస్సుకు చేరాలి. చేరకపోతే మా మేనల్లుడు ఫోన్లోనే కొట్టేస్తానంటున్నాడు. వాడు కొడితే రాహుకాలం రోజంతా ఉంటుంది” అన్నారు.

ఈ ఒక్క పంచాంగం ఇంటినుంచి చేసి చూపిస్తే చాలు, మిగతా పనులూ వెతుక్కుంటూ వస్తాయి. లేకపోతే ప్లేట్లే. అమావాస్య ఇరవై నాలుగు రోజుల్లో ఉంది.

సప్తమినాడు మంచి ఘడియ చూసి భ్రమరాంబ అన్నీ బిగించింది. భర్త గంగరాజు ఇళ్లకు వైరింగ్ చేసే మనిషి. టెస్టర్ జేబులో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆమె దణ్ణం పెట్టుకుని మీట నొక్కింది. లోపల ఫ్యాను ఒక్క క్షణం గిర్రున తిరిగి ఆగిపోయింది. తెర మీద చీకటి.

“ఏమే, కరెంటు వత్తందా?” అన్నాడు గంగరాజు.

“వత్తందండీ. వచ్చి చూసి ఎల్లిపోతంది.”

భ్రమరాంబ గాభరాపడే మనిషి కాదు. మెమరీ పలకను తీసి, బంగారు అంచును రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టింది. కాదు. రెండో గాడిలో పెట్టింది. ఊహూ. గంగరాజు పవర్ డబ్బాను విడిగా పరీక్షించి నిక్షేపంగా ఉందని తేల్చాడు. బొత్తం బ్యాటరీ తీసి పదినిమిషాలు ఆగి పెట్టారు. చివరికి పెట్టెలో ఏ స్క్రూ ఎక్కడ తగిలి పాడుచేస్తోందో అని, బోర్డును బయటికి తీసి ఉత్త అట్టముక్క మీద పడుకోబెట్టి చూశారు. పక్క వీధి టీచరుగారి డబ్బాలోంచి మంచి భాగాలు ఒక్కొక్కటే అరువు తెచ్చి మార్చారు. టీచరుగారు ఆ డబ్బాలో చింతపండు దాచుకోవడం వల్ల అవి కొంచెం పుల్లటి వాసన వేశాయి గానీ పనిచేసేవే. ఏది మార్చినా ఫ్యాను ఒక్క క్షణమే తిరిగింది. ఇక మిగిలింది మదర్‌బోర్డు. అదొక్కటీ తెద్దామంటే టీచరుగారు దాన్ని ఎప్పుడో కిటికీ సందుకు అడ్డుపెట్టి మేకులు కొట్టేశారు.

“తల్లి బోర్డే పోయిందండీ. పుట్టుకతోనే పోయింది” అంది భ్రమరాంబ మూడోరోజున, చేతులు కడుక్కుంటూ. మర్నాడే ఫిర్యాదుకు బయలుదేరింది.

శాఖ కార్యాలయంలో అసిస్టెంట్ డైరెక్టర్ తటవర్తి అచ్యుతరామయ్యగారు ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు. కళ్లు తెరిచి ఆకుపచ్చ అట్ట ఉన్న పుస్తకం తీశారు.

“తమరి వినతి సహేతుకమే గాని సక్రమం కాదు. పద్నాలుగో నిబంధన చిత్తగించండి. ‘లోపము సంభవించిన యంత్రము తన లోపమును తానే, తన ద్వారానే, ఆన్‌లైన్‌లో తెలియపరచుకొనవలెను. అన్యులు దాని తరఫున ఫిర్యాదు చేయరాదు.’”

“అది వెలగదు కదండీ!”

“వెలగకపోవడమే కదా ఫిర్యాదు?”

“అవునండీ.”

“ఆ ముక్కే అది పంపాలి. మన పథకంలో లబ్ధిదారు ఎవరనుకుంటున్నారు? తమరు కారు. దరఖాస్తు ఫారంలో ‘లబ్ధిదారు’ అన్న చోట ముఖ్య కార్యాలయం వారు ‘కంప్యూటర్’ అని ముద్రించారు. తమరు కేవలం చిరునామా.”

ఇరవై రెండేళ్లు ఇతరుల తప్పులు దిద్దిన మనిషి కాబట్టి అది అచ్చుతప్పేమో అని భ్రమరాంబ నెమ్మదిగా అడిగి చూసింది. అచ్యుతరామయ్యగారు నొచ్చుకున్నారు. “ప్రభుత్వంలో అచ్చుతప్పు ఉండదమ్మా. అచ్చయ్యాక అది విధానం.”

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. అయితే అచ్యుతరామయ్యగారు చెడ్డవారు కారు. పైగా శాఖ పుట్టాక వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు ఇది. ఆయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తుకున్నారు. లబ్ధిదారును వ్యక్తిగత విచారణకు పిలుస్తూ తాఖీదు తయారు చేయించారు. అటెండరు డేవిడ్రాజు సైకిలు మీద వచ్చి, ‘లబ్ధిదారు తీసుకోడానికి నిరాకరించినందున’ అని రాసుకుని, తాఖీదును కంప్యూటర్ పెట్టెకే మైదాపిండితో అంటించి వెళ్లాడు.

విచారణనాడు భ్రమరాంబ, గంగరాజు కలిసి కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి ఆటోలో తీసుకెళ్లారు. ఆటోవాడు వెనక్కి తిరిగి, “ఎవరికండీ, ఒంట్లో బాలేదా?” అన్నాడు. “అవును నాయనా” అంది భ్రమరాంబ. మరి అది నిజమే కదా!

కార్యాలయం గుమ్మంలో డేవిడ్రాజు తాఖీదు మీది లబ్ధిదారు నంబరు చూసి, ఛాతీ విరుచుకుని, “రావులపేట సున్నా నలభై ఒకటీ... హాజరు!” అని మూడుసార్లు అరిచాడు. మూడోసారికి వీధి చివర కూరలమ్మే ఆవిడ కూడా ఆగి చూసింది. లబ్ధిదారు పలకలేదు.

“సహజన్యాయ సూత్రాల మేరకు వారికి కరెంటు ఇవ్వండి” అన్నారు అచ్యుతరామయ్యగారు. గంగరాజు ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగింది.

“ఏదో అనబోయిందండీ!” అన్నాడు డేవిడ్రాజు.

“గట్టిగా మాట్లాడకండి, బెదిరిపోతుంది” అని అచ్యుతరామయ్యగారు గొంతు తగ్గించారు. తర్వాత భ్రమరాంబ వైపు తిరిగి, “అమ్మా, తమరు కాస్త బయట నిలబడాలి. చిరునామా ఎదురుగా ఉంటే లబ్ధిదారు మొహమాటపడవచ్చు” అన్నారు.

ఆమె వరండాలో పావుగంట నిలబడింది. లోపలినుంచి అచ్యుతరామయ్యగారు “ఫర్వాలేదు, చెప్పు” అని బుజ్జగిస్తున్న మాటలు వినిపించాయి. నవ్వు ఆపుకోలేక ఆమె చీరచెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగాక, అమావాస్య పద్నాలుగు రోజుల్లోకి వచ్చిందని గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది.

లోపలికి పిలిచేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. “లబ్ధిదారు ఫిర్యాదు చేయలేదు. తనకు ఫిర్యాదు లేదనీ చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అన్నారు. కాబట్టి అర్ధభాగం ఫిర్యాదు నమోదైనట్టు భావించి, అర్ధభాగం మదర్‌బోర్డు మంజూరు చేయుటకు సిఫార్సు చేస్తున్నాను.”

“సగం బోర్డు ఏం చేసుకోనండీ?” అంది భ్రమరాంబ.

“ఆ సందేహం ముఖ్య కార్యాలయానికీ రావచ్చు. కాబట్టి మిగతా సగం అంగీకారం కూడా సంపాదించాలి.” ఆయన పుస్తకం తిరగేశారు. ముఖం వెలిగింది. “ఇదిగో, పందొమ్మిదో నిబంధన! తన క్షేమము తాను చూచుకొనలేని లబ్ధిదారుకు సంరక్షకుని నియమించవచ్చును.”

“నేనున్నానుగా!”

“తమరు మనిషి. సంరక్షకుడు స్వజాతివాడై ఉండాలి. ఐదేళ్ల సర్వీసు ఉండాలి. సత్ప్రవర్తన ఉండాలి. లబ్ధిదారుకు చుట్టం కాకూడదు.”

అందరూ తలలు తిప్పి చూశారు. గదిలో ఆ అర్హతలన్నీ ఉన్నది ఒక్కటే కనిపించింది. అచ్యుతరామయ్యగారి బల్ల మీది కార్యాలయపు కంప్యూటర్. ఆ కార్యాలయానికి ఉన్న ఏకైక కంప్యూటర్.

మర్నాడు ఉదయం అది జీపులో భ్రమరాంబ ఇంటికి దిగింది. ‘సంరక్షకుడు సంరక్షితునితో ఒకే కప్పు కింద నివసించవలెను’ అని నిబంధనలో ఉంది మరి. డేవిడ్రాజు దాన్ని బల్ల మీద పెట్టి, ఆమె కంప్యూటర్ పక్కకు జరిపి, రెండింటికీ మధ్య జానెడు దూరం కొలిచాడు. “మరీ దగ్గరైతే ప్రలోభం అంటారండి” అన్నాడు.

అతను వెళ్లాక భ్రమరాంబ బల్ల ముందు కూర్చుంది. సంరక్షకుడు మీట నొక్కగానే వెలిగాడు. తెలుగు అక్షరాలున్నాయి, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరూ వాడిన గుర్తులు లేవు. ఆమె ఆకుపచ్చ పుస్తకం ఒక కాపీ అడిగి తెచ్చుకుంది. పంచాంగం దిద్దిన కళ్లకు నిబంధనలు ఏపాటి? పందొమ్మిదో నిబంధన చివర చిన్న అక్షరాల్లో దొరికింది. ‘సంరక్షకుడు ఖాళీగా ఉండరాదు. సంరక్షితుని ఇంటి క్షేమమునకు తోడ్పడవలెను.’

“మన ఇంటి చ్చేమం అంటే పంచాంగమేగా?” అన్నాడు గంగరాజు.

“మరేనండీ” అంది భ్రమరాంబ, తిథులు కొట్టడం మొదలుపెడుతూ. అమావాస్య పదమూడు రోజులు. ఆమె వేళ్లకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఆ పూట అన్నం తినడం కూడా మరిచిపోయింది.

రెండురోజులు గడిచాక కార్యాలయానికి జ్ఞానోదయమైంది. ముఖ్య కార్యాలయానికి వారం వారం పంపాల్సిన ప్రగతి నివేదిక సంరక్షకుడి పొట్టలో ఉండిపోయింది. అచ్యుతరామయ్యగారు, డేవిడ్రాజు, ఫైళ్లు కలిసి జీపులో వచ్చి భ్రమరాంబ అరుగు మీద కుర్చీలు వేసుకున్నారు. ఆమె పదకొండు నుంచి పన్నెండు దాకా వాళ్లకు కంప్యూటర్ ఇచ్చేది. లబ్ధిదారు తరఫున సంరక్షకుడి ఫిర్యాదును అచ్యుతరామయ్యగారు ఆ గంటలోనే కొట్టి పంపారు. మిగతా సమయం అరుగు మీదే కూర్చునేవారు. కార్యాలయం బోర్డు కూడా వచ్చి గుమ్మానికి వేలాడింది. పింఛనుకనుకుని ఇద్దరు ముసలివాళ్లు వరసలో నిలబడ్డారు. వాళ్లకు గంగరాజు మజ్జిగ ఇచ్చి పంపాడు.

ఒకనాడు అచ్యుతరామయ్యగారు నివేదిక కొట్టడానికి కూర్చుని, తెర మీద తెరిచి ఉన్న సింహరాశి చూశారు. అది ఆయన రాశే.

“రాజపూజ్యం రెండు, అవమానం ఐదు!” ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. “ఇది ముసాయిదానా, తుది ఉత్తర్వా?”

“తుదేనండీ.”

“ఏ స్థాయిలో సంతకమైంది?”

“గ్రహాల స్థాయిలోనండీ.”

“అప్పీలుకు అవకాశం?”

“శాంతి చేయించుకోవచ్చండి.”

ఆయన నిట్టూర్చి, ఆ ఐదు అవమానాల్లో ముఖ్య కార్యాలయం వాటా ఎంత ఉంటుందో డేవిడ్రాజుతో చాలాసేపు చర్చించారు.

అమావాస్య రేపనగా పొద్దున్న, తొమ్మిది రాశులు పూర్తయ్యాయి. మకరం, కుంభం, మీనం మిగిలాయి. మధ్యాహ్నం దాటాక మేళతాళాలు లేని ఊరేగింపులా జీపు వచ్చింది. అచ్యుతరామయ్యగారు రెండు చేతులతో ఒక డబ్బా పట్టుకుని దిగారు.

“మంజూరైంది! పూర్తి బోర్డు! రెండు సగాలూ కలిపి ఒకటే ముక్కగా వచ్చింది!”

భ్రమరాంబ గబగబా తొమ్మిది రాశులనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. నియమం ప్రకారం డేవిడ్రాజు సంరక్షకుణ్ణి విప్పి జీపులో పెట్టేశాడు. ఆమె నేల మీద కూర్చుని, పాత బోర్డు తీసి, కొత్తది బిగించింది. ఒక్క స్క్రూ కూడా జారలేదు. గంగరాజు మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఒక క్షణం, రెండు, మూడు... ఆగలేదు. ‘కుయ్’ మని ఒక కూత వచ్చింది. తెర తెల్లవారింది.

అరుగు మీద అందరూ చప్పట్లు కొట్టారు. డేవిడ్రాజు “సున్నా నలభై ఒకటీ... హాజరు!” అని తనంతట తానే కేక పెట్టాడు. భ్రమరాంబకు ఒళ్లంతా సంతోషం. తాను తన చేతులతో కట్టింది, తన ఇంట్లో వెలిగింది. ఆమె మకరరాశి తెరిచి పదకొండు నిమిషాలు ఆడుతూ పాడుతూ కొట్టింది.

“ఒక్క చిన్న లాంఛనం” అన్నారు అచ్యుతరామయ్యగారు. “సంరక్షకుడు చేసిన ఫిర్యాదును, లబ్ధిదారు మాటొచ్చిన గంటలోపు స్వయంగా ధ్రువపరచాలి. ఇన్నాళ్లకు పద్నాలుగో నిబంధన అక్షరాలా అమలవుతోందమ్మా. నా సర్వీసులో ఇంత సక్రమమైన ఫైలు చూడలేదు.”

ఆయన స్వయంగా కూర్చుని, లబ్ధిదారు ద్వారానే, ఫారం తెరిచారు. మొదటి ప్రశ్న: ‘మీరు ప్రస్తుతం పనిచేయుచున్నారా?’

“లేదని కొట్టండి!” అంది భ్రమరాంబ గాభరాగా. ఆమెకు ప్రమాదం ముందే కనిపించింది.

“ఎలా కొట్టగలను? పనిచెయ్యకుండా చేస్తున్నామని రాయడానికి మా శాఖలో ఆనవాయితీ ఉంది గాని, చేస్తూ చెయ్యడం లేదని రాయడానికి లేదు.” ఆయన ‘అవును’ నొక్కారు.

జవాబు వెంటనే వచ్చింది. ప్రభుత్వంలో అంత వేగంగా వచ్చిన జవాబు అదే మొదటిది. ‘పనిచేయుచున్న యంత్రము యొక్క ఫిర్యాదు అసత్యము. తిరస్కరించడమైనది. మంజూరైన బోర్డును తక్షణము స్వాధీనపరచుకొనవలెను.’

అచ్యుతరామయ్యగారి మొహం వెలవెలబోయింది. అయినా ఆయన జేబులోంచి పథకం స్క్రూడ్రైవర్ తీశారు. “క్షమించమ్మా” అంటూ ఒక్కొక్క స్క్రూ విప్పారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆయనకు ఇది మొదటి అవమానమో మూడోదో తెలియదు. బోర్డు డబ్బాలోకి వెళ్లింది. తెర నల్లబడింది.

భ్రమరాంబకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ వెనకే ఇంకేదో వచ్చింది. రెండు రాశుల చిల్లర మిగిలింది, ఇరవై గంటలు మిగిలాయి. ఆమె లేచి, గూట్లోంచి ఆకుపచ్చ పుస్తకం తీసి, పందొమ్మిదో నిబంధన దగ్గర వేలు పెట్టి, జీపు ఎక్కబోతున్న ఆయన ఎదురుగా నిలబడింది.

“అయ్యగారూ, మావాడు మళ్లీ పడిపోయాడా లేదా?”

“పడిపోయాడమ్మా.”

“తన క్షేమం తాను చూసుకోగలడాండీ?”

“లేడు.”

“మరి సంరక్షకుడు జీపులో ఏం చేత్తన్నాడండీ? ఇక్కడ బిడ్డ దిక్కులేకుండా పడుంటే ఆయన షికారు ఎల్తారా?”

అచ్యుతరామయ్యగారు పుస్తకం అందుకుని చదివారు. మళ్లీ చదివారు. నెమ్మదిగా వెన్ను నిటారుగా చేశారు. ఓడిపోయిన మొహంలోకి నిబంధన దొరికిన కళ వచ్చింది.

“డేవిడ్రాజూ! సంరక్షకుణ్ణి దించు. పొద్దుగూకేలోపు ఒకే కప్పు కిందికి చేరాలి. ఆలస్యమైతే మనమీద చర్య తీసుకుంటారు. ఎన్నాళ్లమ్మా? లబ్ధిదారు కోలుకునేదాకా. లబ్ధిదారు ఫిర్యాదు చేస్తే గాని కోలుకోడు. కోలుకుంటే గాని ఫిర్యాదు చెయ్యలేడు.” ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. “నా రిటైర్‌మెంట్ దాటుతుంది.”

సంరక్షకుడు బల్ల మీదికి తిరిగొచ్చాడు. మకరం ఆ సాయంత్రమే ముగిసింది. మర్నాడు పొద్దున్నే కుంభం అయింది. పదకొండు గంటలకు నివేదిక కొట్టడానికి అచ్యుతరామయ్యగారు వస్తే, గంగరాజు గుమ్మంలోనే ఆపి మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు. ఆయన బుద్ధిగా అరుగు మీద కూర్చుని తాగారు.

ఇక మీనం. అది భ్రమరాంబ రాశి. సిద్ధాంతిగారి చేతిరాతలో మొదటి వాక్యమే, ‘ఈ రాశివారికి ఈ సంవత్సరము ప్రభుత్వమూలకముగా ఊహించని మేలు కలుగును’ అని ఉంది. ఏటా ఏదో ఒక రాశికి ఆయన ఈ వాక్యం రాస్తూనే ఉంటారు. ఏటా ఆమె దాన్ని కొడుతూ, ఎవరు నమ్ముతారులే అని లోలోపల నవ్వుకుంటూనే ఉంది. ఇవాళ వేళ్లు ఆగాయి. కిటికీలోంచి అరుగు వైపు చూసింది. అసిస్టెంట్ డైరెక్టర్‌గారు ఖాళీ గ్లాసు పట్టుకుని తమ సర్కారు కంప్యూటర్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురు చూస్తున్నారు.

భ్రమరాంబ ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా కొట్టి, పన్నెండు కొట్టకముందే పేజీలన్నీ బెజవాడకు పంపించింది.